ఎలకలు తినే బావ దగ్గరికి

కటోంగో కాలు ఒకచోట నిలిచేది కాదు. యాభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, మోకాళ్ళు అరిగాయి, పొద్దు వాలితే కళ్ళు సరిగా ఆనవు. అయినా మనిషి పావుగంట కుర్చీలో కుదురుగా కూర్చున్నాడంటే ఒంట్లో బాగాలేదేమోనని ఇంట్లోవాళ్ళు నుదురు పట్టుకు చూసేవారు. ఎంపీకా ఊళ్ళో సొంత ఇల్లుంది. రేకుల కప్పు, మూడు గదులు, ముందు నాలుగు బొప్పాయి చెట్లు. పడుకునేది మాత్రం పెరట్లో వేసుకున్న గుడారంలో.

"ఇరవై తొమ్మిదేళ్ళు గుడ్డ కింద పడుకున్నవాణ్ణి, నాకు గోడలేంటే?" అనేవాడు.

"మరి ఆ గుడ్డతోనే కాపురం చెయ్యకపోయావా, నన్నెందుకు తెచ్చుకున్నావు?" అనేది భార్య. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

ఆ ఇరవై తొమ్మిదేళ్ళూ అతను నడిపింది పెద్ద లారీ. సరుకుల లారీ కాదు. లోపల సీట్లు, పక్క అరల్లో గుడారాలు, వెనక వంటసామాను, ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చిన పాతికమంది జనం. లివింగ్‌స్టన్‌లో జలపాతం దగ్గర ఎక్కించుకుని పల్లెల గుండా, అడవుల గుండా, రోజుకో చోట గుడారాలు వేయిస్తూ మలావీ సరస్సు దాకా, ఒక్కోసారి నైరోబీ దాకా తీసుకుపోవాలి. లారీ మీద పనివాళ్ళు నలుగురు. స్టీరింగు చక్రం కటోంగోది. ఇంజను హమూంగాది; అతను టోంగా తెగవాడు, నోట్లో ఎప్పుడూ అగ్గిపుల్ల ఉండాల్సిందే. వచ్చినవాళ్ళ బాగోగులు, సరిహద్దు కాగితాలు నాసిలేలేవి. ఆవిడ లోజీ మనిషి, గొంతెత్తి అరిస్తే ఏనుగు కూడా దారిచ్చేది. వంట జెరెది. జెరె న్గోనివాడు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఎందుకంటే కటోంగో బెంబావాడు. బెంబాలకీ న్గోనిలకీ ముత్తాతల కాలంలో యుద్ధాలు జరిగాయి. ఎవరూ తగ్గలేదు, ఎవరూ గెలవలేదు. చివరికి మిగిలింది బావల వరస. బెంబావాడు న్గోనివాణ్ణి ఎంత మాటైనా అనొచ్చు, న్గోనివాడు అంతకు రెండింతలు తిరిగి అనొచ్చు. కోపం మాత్రం రాకూడదు, వచ్చినవాడే జరిమానా కట్టాలి. బావ చచ్చిపోతే బావే వెళ్ళాలి. ఏడవడానికి కాదు, ఎగతాళి చెయ్యడానికి. శవాన్ని తిట్టాలి, పోయినవాడి నడక నడిచి చూపించాలి, గోతిలో దిగి ఏదైనా ఇస్తే గానీ పైకి రానని మొండికెయ్యాలి. ఏడ్చి ఏడ్చి గొంతులు పోయిన ఇంటికి ఆ నవ్వు కావాలి. బావ రాని చావిల్లు ఒట్టి చావిల్లే.

లారీ మీద మొదటిరోజు కటోంగో ఇంకా సామాను దించకముందే జెరె పొయ్యి దగ్గర నుంచి తలెత్తి, "కోతుల్ని తినే జాతివాడట, మన లారీ నడుపుతాడట. దారిలో చెట్టెక్కేస్తాడేమో, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అన్నాడు. "ఎలకల్ని తినేవాడు వంట చేస్తాడట. కూరలో తోకలొస్తాయి, ఏరుకు తినండి" అన్నాడు కటోంగో. అంతే, ఆ పూట మొదలైంది ఆగలేదు. కటోంగో కొడుక్కి మలేరియా మెదడుకెక్కినప్పుడు జెరె రెండురోజులు బస్సులు మారి వచ్చి, ఆసుపత్రి వరండాలో పక్కన చతికిలబడి, "కోతిపిల్ల అంత తేలిగ్గా పోదులే, నీ పోలికే, మొండి ఘటం" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని కటోంగో తెల్లారేదాకా గట్టెక్కాడు. పిల్లాడు బతికాడు. కృతజ్ఞతలు చెప్పాలని కటోంగోకి తోచలేదు. ఇద్దరి మధ్యా సూటి మాటకు చోటే లేదు.

కంపెనీవాళ్ళు లారీలు అమ్మేశాక ఎవరి ఊరు వాళ్ళు వెళ్ళిపోయారు. కానీ ఒక ఒప్పందం ఉండిపోయింది. బతుకులో ఒక్కసారైనా తమ కోసం తాము తిరగాలి. ఎవరికీ సింహాన్ని చూపించక్కర్లేదు, ఎవరి గుడారమూ వెయ్యక్కర్లేదు, ఎవరి గిన్నె వాళ్ళే కడుక్కోవాలి. మూడేళ్ళు అనుకోగా అనుకోగా ఈ ఆగస్టుకి కుదిరింది. హమూంగా దగ్గర పాత పికప్ ఉంది. అతనూ నాసిలేలే అందులో ఎంపీకా వచ్చేట్టు, జెరె బస్సులో వచ్చేట్టు ఏర్పాటు. బయల్దేరడానికి పదిరోజుల ముందు జెరె ఫోన్ చేశాడు.

"బావా, నేను రాలేను. చచ్చిపోతున్నా."

"శుభం! ఎన్నేళ్ళ నుంచో కాచుకునున్నా. ఎప్పుడు?"

"నిజంగానే బావా. గొంతులో పుండట. గంజి కూడా కష్టంగా దిగుతోంది."

"ఎలక అడ్డం పడుంటుంది. తోక పట్టుకు లాగు, వచ్చేస్తుంది."

అవతల జెరె నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి ఫోన్ పెట్టేశాడు. మూడోరోజు మళ్ళీ చేసి, "ఒక్కసారి వచ్చిపో బావా" అన్నాడు. "గొయ్యి తవ్వించాక కబురుపెట్టు. ఆగస్టులో నేల రాయిలా ఉంటుంది, తవ్వడం నావల్ల కాదు" అన్నాడు కటోంగో. బయల్దేరే ముందురోజు మూడోసారి మోగింది. "ఇంక ఎక్కువ రోజుల్లేవు బావా" అన్నాడు జెరె. "గిన్నెలు తోమాల్సొస్తుందని చావు పేరు చెప్తున్నావురా బద్ధకస్తుడా" అన్నాడు కటోంగో. ఆ ముక్క దారిలో మంట చుట్టూ కూర్చుని మిగతా ఇద్దరికీ చెప్పాడు. ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇంకెవరైనా అయితే ఒళ్ళెలా ఉందని అడిగేవారు. బావ గనక అడగలేదు.

అయిదోరోజుకి బంగ్వేలు చిత్తడి నేలల అంచున ఉన్నారు. అక్కడ ఫోను పలికేది ఒకే ఒక్క చోట, తాటిచెట్టంత ఎత్తు చెదపుట్ట మీద. ఊరివాళ్ళు దానికి మెట్లు కూడా చెక్కుకున్నారు. ఎండుచేపలు కూరలో మగ్గుతుంటే ఊరికే కూర్చోలేక కటోంగో పుట్టెక్కాడు. ఫోను జేబులోంచి తియ్యకముందే మోగింది. జెరె భార్య ఎస్నాత్.

"అన్నయ్యా, ఎక్కడున్నారు?"

ఎస్నాత్ ఏనాడూ కటోంగోని "ఒరే కోతీ" అని తప్ప పిలవలేదు.

"పదకొండు రోజులైందన్నయ్యా, ఏమీ లోపలికి దిగట్లేదు. చెంచాతో నీళ్ళు, అంతే. మంచం గుమ్మం వైపు తిప్పమంటే తిప్పాం. బెంబావాడు వస్తాడు, వాడొచ్చేదాకా పోను అంటాడు. వస్తున్నారా, లేదా? లేకపోతే నేనే ఆయనకి ఏదో ఒకటి చెప్పుకుంటాను."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మూడుసార్లు చెప్పానన్నాడే" అంది ఎస్నాత్.

పుట్ట దిగేటప్పుడు కటోంగో మెట్లు చూసుకోలేదు, చివరి మూడూ జారి కిందపడ్డాడు. లేచి దులుపుకోకుండానే గుడారం మేకులు పీకడం మొదలుపెట్టాడు. "ఏంట్రా, పామా?" అని హమూంగా ఎగిరి గంతేశాడు. సంగతి విన్నాక నాసిలేలే కూరగిన్నె పొయ్యి మీద నుంచి దించి, నిప్పు మీద నీళ్ళు పోసింది. ఎవరూ తినలేదు.

జెరె పల్లెకి ఏ దారిన పోవాలన్న దగ్గర పోట్లాట వచ్చింది. లుసాకా మీదుగా తారురోడ్డు పట్టుకుంటే పన్నెండువందల కిలోమీటర్ల పైమాటే, పైగా హమూంగా బండి యాభై దాటిస్తే ఉడుకుతుంది. ముచింగా కొండల అంచు దిగి, లువాంగ్వా లోయ అడ్డంగా దాటితే అందులో సగం కూడా ఉండదు. కానీ అది దారి అనడానికి లేదు. రాళ్ళు, ఇసుక, ఏనుగులు.

"కొండ దిగేటప్పుడు ఇరుసు విరిగితే? చావు చూడ్డానికి వెళ్తూ మనమే చస్తామా?" అన్నాడు హమూంగా.

"విరిగితే నడుస్తా" అన్నాడు కటోంగో.

"బావా, నీ బండిని ఎప్పుడూ ఆవుని చూసుకున్నట్టు చూసుకుంటావు. టోంగావాళ్ళకి ఆవు తర్వాతే మనుషులు. పదపద" అంది నాసిలేలే. లోజీలకీ టోంగాలకీ కూడా అదే వరస. హమూంగా అగ్గిపుల్ల ఉమ్మేసి బండెక్కాడు.

మర్నాడు సాయంత్రానికి కొండ అంచుకి చేరారు. దిగువన లోయంతా బూడిదరంగు పొగలో ఉంది. సగం దిగేసరికి పొద్దు వాలింది. రాయేదో, నీడేదో బండి నడుపుతున్న కటోంగోకి తెలియడం మానేసింది. ఒక చక్రం అంచు దాటి గాల్లోకి వెళ్ళి, మళ్ళీ ఎలాగో నేల మీదకొచ్చింది. నాసిలేలే చెయ్యి చాపి ఇంజను కట్టేసి, తాళంచెవి లాగి, నడుముకు చుట్టుకున్న చితెంగె గుడ్డ కొంగున ముడేసుకుంది.

"ఇయ్యి."

"ఇవ్వను."

"వాడు అక్కడ కళ్ళు గుమ్మానికి అతికించుకునున్నాడే!"

"నీ కళ్ళు కనపడక నువ్వు లోయలో పడితే వాడేం చూస్తాడు? గుడారం వేసుకో."

కటోంగో గుడారం వెయ్యలేదు. బండి చుట్టూ తిరిగాడు. రాళ్ళు ఏరి దారి పక్కన పేర్చాడు, మళ్ళీ తన్నేశాడు. ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉంది అతనికి. "వెళ్ళగానే ఏమంటావు?" అని హమూంగా మెల్లగా అడిగాడు. మామూలుగా అయితే బావని తిట్టడానికి కటోంగో ఆలోచించేవాడా? నోరు తెరిస్తే చాలు, వాటంతటవే వచ్చేవి. ఇప్పుడు నోరు తెరిచి మూశాడు. ఒక్కటీ రాలేదు.

తెల్లారాక లోయలో త్సెత్సె ఈగలు పట్టుకున్నాయి. అద్దాలు ఎత్తితే ఉడుకు, దించితే ఈగలు. చొక్కా మీదుగానే కుట్టి చంపాయి. మధ్యాహ్నానికి ఏటి ఒడ్డుకి వస్తే పంటు అవతలి గట్టున ఉంది. తాడు పట్టుకుని చేతుల్తో లాగే పంటు అది. లాగేవాళ్ళు న్షిమా సంకటి తినడానికి ఊళ్ళోకి పోయారు. కటోంగో ఈలలు వేశాడు, హారన్ కొట్టాడు, చొక్కా విప్పి ఊపాడు. తర్వాత బూట్లు విప్పాడు.

"ఎక్కడికిరా?" హమూంగా కాలరు దొరక్క జుట్టు పట్టుకున్నాడు.

"ఈదుతా. పంటు నేనే లాక్కొస్తా."

"ఆ దుంగలు చూశావా? అవి దుంగలు కావు. పాతికేళ్ళ పైన పరాయిదేశపోళ్ళకి 'నీళ్ళలో కాలు పెట్టకండి, మొసళ్ళున్నాయి' అని చెప్పిన మొనగాడివి నువ్వేనా?"

రెండు గంటల తర్వాత పంటువాళ్ళు నోళ్ళు తుడుచుకుంటూ తాపీగా వచ్చారు. అవతలికి దాటేదాకా తాడు కటోంగోనే లాగాడు, అరచేతులు చీరుకుపోయినా వదల్లేదు. ఆ సాయంత్రం ఆగిన పల్లెలో గుడారం వేసుకోవాలంటే ఊరిపెద్దని అడగాలి. నేల మీద కూర్చోవాలి, చప్పట్లు తట్టాలి, ఆయన పలికేదాకా కాచుకోవాలి. ముసలాయన పొగాకు నలిపి, వాసన చూసి, తీరిగ్గా అడిగాడు. "బెంబావాడివి, న్గోనివాణ్ణి చూడ్డానికి పోతున్నావా? అయితే నవ్వించడానికన్నమాట." కటోంగో అవునన్నట్టు తలూపాడు గానీ ముసలాయన ముఖం చూడలేకపోయాడు.

మూడోరోజు మధ్యాహ్నం దాటాక చిపాటా అవతల జెరె పల్లె చేరారు. బండి పూర్తిగా ఆగకముందే కటోంగో దూకేశాడు. వాకిట్లో జనం ఉన్నారు, కానీ ఎవరూ ఏడవడం లేదు. బతికే ఉన్నాడు. కటోంగో గుమ్మం పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

మంచం మీద ఉన్నది జెరె అని కళ్ళని బట్టి చెప్పాలి. ఆ కళ్ళు కటోంగోని చూడగానే వెలిగాయి. పెదాలు ఒక పక్కకి వంగాయి, తిట్టు కోసం కాచుకున్నట్టు.

కటోంగో మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "జెరే, ధైర్యంగా ఉండు. దేవుడున్నాడు. నన్ను క్షమించరా. నువ్వు చెప్తే వినలేదు, నాది పొరపాటు, క్షమించు" అన్నాడు.

జెరె కళ్ళలో వెలుగు పోయింది. గొంతు గాలిలా వచ్చింది.

"నువ్వు కూడానా? పాస్టరుగారిదీ ఇదే పాట, నా కొడుకులదీ ఇదే. అందరూ చచ్చినవాడితో మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు. బెంబావాడొస్తాడు, వాడొక్కడన్నా నన్ను బతికున్నవాడిలా చూస్తాడనుకున్నా." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "అయితే అయిపోయినట్టే." ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

కటోంగో బయటికొచ్చి పశువుల కొట్టం వెనక కూలబడి బావురుమన్నాడు. మూడురోజులు కొండలు దిగి, ఏరు దాటి తను తెచ్చింది చావుకబురా? అది కూడా చచ్చేవాడికేనా? నాసిలేలే వెతుక్కుంటూ వచ్చింది. ఓదార్చలేదు.

"నీ బరువు దింపుకోవడానికా ఇంత దూరం మమ్మల్ని ఈగలకి మేపుకుంటూ తెచ్చావు? క్షమాపణ కావాల్సింది నీకు. ఆయనకేం కావాలో ఆయన చెప్పాడుగా. ముఖం కడుక్కుని లే."

"రావట్లేదు నాసిలేలే. నోరు పెగలట్లేదు."

"పెగుల్చుకో. అవతల ఆయనకి మంచినీళ్ళే దిగట్లేదు, అయినా మూడురోజులు కాచుకున్నాడు."

తొట్టిలో నీళ్ళతో ముఖం కడుక్కుని కటోంగో మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఈసారి మోకాళ్ళ మీద కూర్చోలేదు. మంచం పట్టె మీద ధన్‌మని కూర్చుని, తుంటితో జెరెని లోపలికి నెట్టాడు.

"జరుగు! చచ్చుంటాడు, తిని పోదామని వస్తే ఇంకా పనే పూర్తి చెయ్యలేదు! బతుకులో ఒక్క పనన్నా వేళకి చేశావురా? ఆరింటికి టిఫినంటే ఏడున్నరకి పెట్టేవాడివి, అవీ మాడిపోయిన గుడ్లు. గుడ్లూ ఆలస్యమే, చావూ ఆలస్యమే. పాతికమంది కంచాలు పట్టుకుని నిలబడితే నీకు చీమ కుట్టినట్టన్నా ఉండేదా?"

గోడ వైపున్న భుజాలు కదిలాయి. ఇంకా కదిలాయి. గొంతులోంచి ఏదో గీసినట్టు చప్పుడొచ్చింది. ఊపిరాడటం లేదనుకుని ఎస్నాత్ పరిగెత్తుకొచ్చింది. చూస్తే జెరె నవ్వుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"గుడ్లు మాడింది... నువ్వు పొయ్యి దగ్గర చేరి వాగబట్టేరా... కోతి వెధవా" అన్నాడు.

"ఇదిగో, చావబోతూ కూడా అబద్ధాలే" అన్నాడు కటోంగో. ఎస్నాత్ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది.

తర్వాత నాలుగు రోజులు కటోంగో ఆ మంచం దగ్గర నుంచి కదల్లేదు. చెంచాతో నీళ్ళు పడుతూ తిట్టాడు, పక్క గుడ్డలు మారుస్తూ తిట్టాడు. జెరెకి మాట పడిపోయాక ఇద్దరి వంతూ తనే తిట్టాడు. నాలుగోనాడు పొద్దున్నే, కటోంగో అతని పెళ్ళినాటి బూట్ల గురించి ఏదో అంటుండగా, జెరె పోయాడు. మాట మధ్యలో ఆపడానికి మనసొప్పక కటోంగో అది పూర్తిచేశాడు.

ఖననం నాడు పల్లెపల్లెంతా వచ్చింది. కటోంగో ఏ లోటూ రానివ్వలేదు. జెరె వంటగుడ్డ నడుముకు కట్టుకున్నాడు, గరిటె భుజాన వేసుకుని జెరె నడక నడిచాడు, శవపేటిక మూతని గరిటెతో తట్టి "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపాపి నవ్వారు. తర్వాత గోతిలోకి దూకి వెల్లకిలా పడుకుని, "వంటవాడికింత మంచి గొయ్యా? నేనే ఉంటా, వాణ్ణి తిరిగి తీసుకుపోండి" అని కేకలు పెట్టాడు. పైనుంచి నాణేలు పడ్డాయి. చాలదన్నాడు. కోడిని చూపించారు. బక్కకోడి అన్నాడు. జెరె కొడుకులు దణ్ణాలు పెట్టి బతిమాలారు. జనం పగలబడి నవ్వారు.

అక్కడికి అతని దగ్గరున్న తిట్లన్నీ అయిపోయాయి.

"ఒరే జెరే, నువ్వు మొదటిసారి పిలిచినప్పుడే రావాల్సిందిరా నేను" అన్నాడు.

గోతి అంచున ఉన్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "చూడవే, ఎంత బాగా చేస్తున్నాడో ఈ బెంబావాడు!" అని ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకుని, కొంగు విప్పి ఇంకో నాణెం అతని మీదికి విసిరింది.